గురువారం అపాయింట్‌మెంట్

దొంగను పట్టుకోవడానికి ఫుట్‌బాల్ క్లబ్బు సెక్యూరిటీ ఆఫీసరు ఒక పన్ను వదులుకోవలసి వచ్చింది. అదీ పుచ్చు పన్ను కాదు, రాయిలాంటి పన్ను.

పోతున్నది జట్టు గుట్టు. ఆ క్లబ్బు కోచ్ ప్రతి శనివారం సాయంత్రం పదకొండు పేర్లు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్కముద్ర వేసి ప్రెసిడెంటు బీరువాలో పెట్టిస్తాడు. ఆదివారం మ్యాచ్‌కి గంట ముందు దాకా ఎవరూ దాన్ని విప్పకూడదు. తీరా చూస్తే శుక్రవారానికే ఆ పదకొండు పేర్లూ బస్సుల్లో, బడ్డీకొట్ల దగ్గర జనం నోళ్ళలో నానుతున్నాయి. రెండు నెలలుగా ఇదే తంతు. పట్టికలో అట్టడుగున పడున్న జట్టు ఎలాగో గెలుచుకుంటూ సెమీఫైనల్ దాకా వచ్చింది గానీ, ఇలా అయితే ఫైనల్లో అవతలివాళ్ళు ఊరుకుంటారా?

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి," అన్నాడు ప్రెసిడెంటు. "ఈ సంగతి కోచ్ చెవిన పడకూడదు. పెద్దాయన మనసు చెదిరిందంటే కప్పు మీద ఆశ వదులుకోవడమే. ఫైనల్ లోపల దొంగ దొరక్కపోతే నీ టోపీ, క్వార్టర్సు తాళాలు అప్పజెప్పి వెళ్ళు."

ఆ క్వార్టర్సులో భార్య, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

ఆఫీసరు పుకారు తోక పట్టుకుని బయల్దేరాడు. బస్సు కండక్టరు బేకరీవాణ్ణి చూపించాడు. బేకరీవాడు తన మరదల్ని చూపించాడు. మరదలు తన చెంప చూపించింది. బూరెలా వాచి ఉంది.

"పళ్ళ డాక్టరుగారు చెప్పారండీ. మిషను చేతిలోకి తీసుకున్నారంటే ఇక ఫుట్‌బాలే!"

అదే డాక్టరు దగ్గరికి కోచ్ కూడా ప్రతి గురువారం పొద్దున్నే వెళ్ళి గంటన్నర కూర్చుంటాడని కాంపౌండరు చెప్పేసరికి ఆఫీసరుకి అంతా అర్థమైపోయింది. జట్టు ఎలా ఉండాలో కోచ్ బుర్రలో గురువారానికే తయారై ఉంటుంది. ఈ డాక్టరు మత్తుమందిచ్చి, పళ్ళకి బదులు రహస్యాలు పీకుతున్నాడు!

గురువారం మధ్యాహ్నం చెంప పట్టుకుని మూలుగుతూ వెళ్ళి కుర్చీలో పడ్డాడు. గోడనిండా జట్టు ఫొటోలే. డాక్టరు తెల్లకోటు కింద జట్టు జెర్సీ వేసుకున్నాడు.

"ఏ పన్ను?" అడిగాడు డాక్టరు.

ఆఫీసరు తోచిన పన్ను చూపించాడు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా?

డాక్టరు అతని నోటినిండా దూది కుక్కి మొదలెట్టాడు. "మన గోల్‌కీపరు ఉన్నాడే, బంతి వస్తుంటే పెట్టెతో దిగిన చుట్టాన్ని చూసినట్టు తప్పుకుంటాడు. ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి పొట్టివాణ్ణి దింపాలి. కెప్టెన్‌కి పెళ్ళయ్యాక అణకువ ఎక్కువైంది, ఎవరడిగినా బంతి ఇచ్చేస్తున్నాడు. వాణ్ణి వెనక్కి నెట్టాలి. అసిస్టెంటు కోచ్ అంటారా, ఉత్త ఈల. ఎవరో ఒకరు ఊదాలి."

"ఆఁ... ఊఁ..." అన్నాడు ఆఫీసరు నొప్పితో.

"ఒప్పుకున్నారా! ఈ కుర్చీలో కూర్చుని నా మాట కాదన్నవాడు ఇంతవరకు లేడు."

పన్ను ఊడేలోగా పదకొండు పేర్లూ వచ్చేశాయి. దూది తీశాక ఆఫీసరు మెల్లగా కదిపాడు. "కోచ్‌గారు కూడా మీ దగ్గరికే వస్తారట. గంటన్నరసేపు ఆయనకి ఏం చేస్తారు?"

డాక్టరు ముఖం బిగుసుకుంది. "రోగి నోట్లో సంగతి నా నోరు దాటదు. మీ పన్ను నిక్షేపంలా ఉంది. ఎందుకు పీకించుకున్నారని నేనడిగానా?"

ఆదివారం కవరు విప్పారు. పొట్టి గోలీతో సహా పదకొండుకి పదకొండూ సరిపోయాయి. జట్టు మూడు గోల్స్ కొట్టి ఫైనల్‌కి చేరింది. స్టేడియమంతా ఈలలు వేస్తుంటే ఆఫీసరు మాత్రం వాచిన చెంపతో పోలీసులకి ఫోన్ చేస్తున్నాడు.

సోమవారం పొద్దున్నే పోలీసులు డాక్టర్ని జీపెక్కించారు.

"అభిమానినండీ! నా జట్టు గురించి నాకు తోచింది చెప్పుకోవడం కూడా నేరమేనా?" అని మొత్తుకున్నాడు డాక్టరు.

"కోచ్‌కి ఏం వైద్యం చేస్తున్నావో చెప్పు, వదిలేస్తాం."

డాక్టరు చచ్చినా నోరు విప్పలేదు. క్లినిక్‌కి సీలు పడింది. ఆఫీసరుకి కాస్త జాలేసింది గానీ, పెళ్ళాం పిల్లలు రోడ్డున పడలేదన్న సంతోషం ముందు ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు.

ఇక దాచాల్సిన పనేముందని నేరుగా కోచ్ గదికి వెళ్ళాడు. కోచ్ చేతిలో సుద్దముక్కతో బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

"సార్, మీ రహస్యాలు దొంగిలించేవాడు దొరికాడు. ఆ పళ్ళ డాక్టరే! ఇప్పట్లో బయటికి రాడు. మీరేం దిగులుపడకండి, ఈ గురువారానికి మీకు అంతకంటే మంచి డాక్టర్ని మాట్లాడి పెట్టాను."

కోచ్ చేతిలో సుద్దముక్క కింద పడింది. ఆయన కుర్చీలో కూలబడి, నోట్లో వేళ్ళు పెట్టి, పై వరస మొత్తం ఊడదీసి బల్లమీద పెట్టాడు. ఆ తర్వాత కింది వరస కూడా.

"పదేళ్ళనుంచీ నా నోట్లో ఒక్క పన్ను లేదురా సన్నాసీ," అంటూ బోసినోటితో బావురుమన్నాడు, "ఫైనల్‌కి ఎవర్ని దింపాలో ఇప్పుడు నాకెవడు చెప్తాడు!"