కింద సంతకం చేసినవారు

"పద్దెనిమిదేళ్లుగా మీరు చేస్తున్న పని చదవడమేనా, మేడమ్?" అన్నాడు మా కంపెనీ లీగల్ విభాగానికి పొదుపు నేర్పడానికి కొత్తగా వచ్చిన మేనేజరు.

"అవును సార్. కంపెనీ ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు నేను చదువుతాను."

"చదివినందుకు జీతమా! అన్ని ఉత్తరాలకూ కంప్యూటర్లో నమూనాలు పెట్టించాను. పేర్లు మార్చుకుంటే సరి. మీ పోస్టు తీసేస్తున్నాం. ఆ ఉత్తరమేదో మీరే టైపు చేసి తెండి. బయటి లాయరుకిస్తే దానికో బిల్లు వేస్తాడు."

నా గొయ్యి నన్నే తవ్వమని, కూలి మిగిలిందని మురిసిపోయే రకం.

పది నిమిషాల్లో ఉత్తరం తెచ్చి ముందు పెట్టాను. "ఒక్కసారి చదువుకోండి సార్."

"మళ్లీ అదే జబ్బు!" అని పకపకా నవ్వి, బరబరా సంతకం గీకాడు. ముద్ర కొట్టి, ఫోనుతో ఫొటో తీసి, జీతాల విభాగానికి అక్కడికక్కడే పంపేశాడు. కాగితం నా మీదికి విసిరాడు.

అలవాటు కొద్దీ పైకే చదివాను.

"కింద సంతకం చేసినవారిని ఈ రోజుతో ఉద్యోగం నుంచి తొలగించడమైనది."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఎవరిని?"

నేను నోరు తెరిచేలోపే బల్ల మీద ఫోను మోగింది. స్పీకర్లో జీతాల విభాగం గుమాస్తా గొంతు: "సార్, మీ గుర్తింపు కార్డు ఎన్నింటికి ఇచ్చేసి వెళ్తారు?"

పొదుపు ఇంకా ఆ గదిదాకా పోలేదన్నమాట. అక్కడ చదివేవాళ్లు మిగిలే ఉన్నారు.