నెలనాటి గడ్డం

చెంచురామయ్య కళ్ళు పోగొట్టింది జబ్బు కాదు, మీరు. మగాడి నీరసాన్ని నవ్వులాట చేసిన పిచ్చయ్యా, నువ్వు. డేరా వేసి లేహ్యం అమ్మిన దొంగ వైద్యుడా, నువ్వు. గడ్డం గీసేవాడికి బుర్రెక్కడిదనుకున్న ఊరు ఊరంతా.

ఎనభై నాలుగో సంవత్సరం. వేంసూరు దాటాక అడవి అంచున ఒక పల్లె.

చెంచురామయ్యకు నలభై నిండలేదు. ఒకప్పుడు మిరప బస్తాను ఒక్కడే బండికెత్తినవాడు. ఇప్పుడు గట్టు మీద నాలుగడుగులు వేస్తే కూలబడుతున్నాడు. ఏడాదిగా భార్య హైమ వైపు మనసే పోవడం లేదు.

"నేనేమన్నా తప్పు చేశానా?" అని హైమ ఒక్కసారి అడిగింది.

"అలిసిపోయాను హైమా."

మళ్ళీ అడగలేదు.

సత్తుపల్లి సంతలో డేరా వైద్యుడి దగ్గర మూడు డబ్బాల లేహ్యం కొనుక్కుని తిన్నాడు. విరేచనాలయ్యాయి. అంతే.

అలాంటి రోజుల్లో ఊరికి కొత్త మంగలి వచ్చాడు. పేరు పోతయ్య. అరవై దాటినవాడు. భార్య పుట్టిన ఊరని వచ్చి గుడిసె వేసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆదివారం గడ్డాల రోజు. చెంచురామయ్య అరుగు మీదికి వస్తూ ద్వారబంధానికి భుజం కొట్టుకున్నాడు. పోతయ్య అది చూశాడు. సబ్బు రాసి, రెండు గీతలు గీసి, ఆగాడు.

"అయ్యా, ఇది నెలనాటి గడ్డం."

"అయితే ఏందిరా?"

"నేను గీసి నెలయింది. నాలుగు దినాలకు రావాల్సింది నెలకు గూడ వస్తలేదు. చంకలల్ల గూడ పలచబడ్డది. తల నొస్తదా?"

"పొద్దున లేస్తే అదేగా."

పోతయ్య రెండు చేతులూ అతని చెవుల పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. "సూటిగ ముందుకే చూడుండ్రి. నా ఏళ్ళు ఎప్పుడు కనపడ్తయో చెప్పుండ్రి."

వేళ్ళు ముఖం ఎదుటికి వచ్చాకే చెంచురామయ్య కనపడ్డాయన్నాడు.

పోతయ్య గొంతు తగ్గించాడు. "ఇంట్ల అమ్మ దిక్కు మనసు పోతలేదు గదా?"

చెంచురామయ్య మొహం నల్లబడింది. "హైమ చెప్పిందా?"

"అమ్మనేం అనకుండ్రి. మీ గడ్డమే చెప్పింది. తలకాయల, కండ్ల యెనక గడ్డ లేస్తది. మగ సత్తువ పుట్టించేదాన్ని అది ఎండబెడ్తది, కండ్ల నరాన్ని ఒత్తుతది. లేహ్యంతోని పోయేది గాదు. జల్దీ పట్నం పెద్ద దవాఖానాకు పోండ్రి. లేకుంటే చూపు పోతది."

వంతు కోసం కూర్చున్న పిచ్చయ్య చెవిన సగం మాటలు పడ్డాయి.

"ఏంది బావా, గడ్డం రావట్లేదా? ఖమ్మం పోతున్నా, గాజులు తెమ్మంటావా?"

అరుగు మీద నలుగురూ నవ్వారు.

చెంచురామయ్య చెయ్యి లేచింది. నవ్విన పిచ్చయ్య మీదికి కాదు, పోతయ్య చెంప మీదికి.

"గీసేవాడివి గీసి పోరా. వైద్యం నీకెందుకు?"

పోతయ్య కింద పడిన కత్తి తీసి తుడుచుకున్నాడు. "కొడ్తే కొట్టిండ్రు గని, పోండ్రి అయ్యా. నెల దాటనియ్యకుండ్రి."

మగాళ్ళ గుట్టు బయటపెట్టే మంగలి మాకొద్దంది ఊరు. ఆ తర్వాత ఒక్కడు కూడా అతని ముందు కూర్చోలేదు. నాలుగు ఆదివారాలు చూసి, పోతయ్య భార్యను వెంటబెట్టుకుని గోదావరి అవతలికి వెళ్ళిపోయాడు.

చెంచురామయ్య ఇంకో రెండు డబ్బాల లేహ్యం తిన్నాడు. ఆర్నెల్లకు ఎడ్లబండిని కాలవలోకి దించాడు. కాలవ కనపడలేదన్నాడు. ఆపై నెలకు హైమ ముఖం కనపడలేదన్నాడు. అప్పుడు హైదరాబాదు బస్సెక్కారు.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"గడ్డ పెరిగిపోయింది, తీసేస్తాం. ఒంట్లో తగ్గిన హార్మోను నెలకో సూదిమందుగా ఇస్తాం. ఓపిక వస్తుంది, కోరికా వస్తుంది. కళ్ళ నరం మాత్రం ఎండిపోయిందమ్మా. ఆర్నెల్ల ముందు తీసుకొస్తే చూపు నిలబడేది."

హైమకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. మగతనం సూదిలో వస్తుందట. దానికి సిగ్గుపడి కళ్ళు పోగొట్టుకున్నాడు.

ఆపరేషను రోజు పొద్దున తల గొరగడానికి దవాఖానా మంగలి వచ్చాడు. నడివయసు మనిషి. నీళ్ళు చల్లి, కత్తి పెడుతూ అడిగాడు.

"గింత ఆలస్యం చేసిండ్రేందమ్మా? మీ దిక్కు ఎవలూ చెప్పలేదా?"

"చెప్పాడయ్యా. మా ఊరి మంగలి, పోతయ్యని. మేమే కొట్టి పంపాం."

కత్తి ఆగిపోయింది.

"ఏ పోతయ్య? పింఛనీ అయినంక భార్య ఊరని సత్తుపల్లి దిక్కు పోయిన ముసలాయననా?"

"అవును, ఆయనే."

"నాకు ఈ పని నేర్పింది ఆయనే అమ్మా. గీ గదిల ఇరవై రెండేండ్లు గిసొంటి తలలే గొరిగిండు. ఎక్స్‌రే రాకముందే పెద్ద డాక్టరు ఆయన్ని పిలిచి, పోతయ్యా, నువ్వేమంటవ్ అని అడిగేటోడు."

నవ్వినవాళ్ళంతా ఇప్పుడు లేవండి. పోతయ్యగారు గోదావరి అవతల ఏ పల్లెలో ఉన్నారో వెతకండి. దండలు వెయ్యొద్దు, కాళ్ళు పట్టుకోవద్దు. మీ మగాళ్ళందరినీ వరసగా ఆయన ముందు కూర్చోబెట్టండి. ఆయన ఎవరిని దవాఖానాకు పొమ్మంటే వాణ్ణి ఆ పూటే బస్సెక్కించండి.