కట్టెల దొంగ

“మళ్ళీ మార్చేశాడు!”

పెరట్లోంచి నాయనమ్మ పెట్టిన కేకకి చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

గుట్ట మీద కోసుకొచ్చి ఎండబెట్టిన కాడల మోపు లేదు. దాని చోట మామూలు కట్టెల మోపు ఉంది.

ఊరి పక్క గని మూతపడ్డాక, తవ్విపోసిన ఆ మట్టిగుట్ట నిండా మనిషెత్తు మొక్కలు లేచాయి. వాటి ఎండు కాడ పొయ్యిలో పెడితే చాలు, భగ్గుమనేది. ఇక బూడిదంటారా, పిండిలా మెత్తన. దాంతో తోమితే మనవరాలి పాలగ్లాసు తళతళలాడిపోయేది.

నాయనమ్మ మాటు వేసింది. ఓ ఉదయం దొంగ దొరికాడు.

వీధి చివర గదిలో అద్దెకున్న కళ్ళజోడాయన!

“నా కాడలు నీకెందుకయ్యా?”

“బదులు కట్టెలు పెట్టాను కదమ్మా. వీటి మంట మంచిదే, బూడిదే మంచిది కాదు. అందులో సీసం ఉంటుందని ఎన్నిసార్లు చెప్పాను?”

“మా ఇంట్లో సీసాలూ లేవు, బుడ్లూ లేవు. పాప తాగేది గ్లాసుతో!”

చూడవచ్చిన జనం గొల్లున నవ్వారు. అందరి పెరళ్ళలోనూ ఇదే జరుగుతోందని తేలేసరికి ఆ నవ్వు కాస్తా తిట్లయింది. ఇంటాయన గది ఖాళీ చెయ్యమన్నాడు.

కళ్ళజోడాయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

“పీడా వదిలింది!” అంది నాయనమ్మ.

ఆ మర్నాడే, గని చుట్టుపక్కల పిల్లల్ని పరీక్షించే ఆసుపత్రి బండి వచ్చింది. పిల్లలందరి రక్తం తీసుకున్నారు. సీసమంటే సీసా కాదనీ, గని మట్టిలో ఉండే విషమనీ, పిల్లల బుర్ర ఎదగనివ్వదనీ అప్పుడు తెలిసింది.

నాయనమ్మకి ముద్ద మింగుడు పడలేదు. మనవరాలు అడిగిందే మళ్ళీ అడిగితే గుండె జారిపోయేది.

చివరికి రక్తపరీక్ష ఫలితాలతో నర్సు నవ్వుతూ వచ్చింది.

“భయం లేదు మామ్మగారూ. పాప రక్తంలో సీసం ఏమంత లేదు. వీధి పిల్లలంతా గట్టెక్కారు.”

నాయనమ్మ గుమ్మంలోనే కూలబడి, మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుని, ఏడుస్తూ నవ్వింది. ఎన్నాళ్ళకో ఊపిరాడినట్టయింది.

“ఆ గుట్ట మీది మొక్కలు మట్టిలోని సీసాన్ని పీల్చుకుంటాయి,” అంది నర్సు. “ కాల్చినా పోదు, బూడిదలో మిగులుతుంది. మీరు వాటిని ఎక్కువ కాల్చినట్టు లేరు, బతికిపోయారు.”

“కాల్చనిస్తేగా! ఓ కళ్ళజోడాయన ఎత్తుకుపోయేవాడు.” నాయనమ్మ గొంతు తగ్గింది. “దొంగతనం చేస్తున్నాడని తరిమేశాం.”

“దొంగతనమా!” నర్సు తెల్లబోయింది. “మట్టి బాగుపడాలని ఆ గుట్టంతా విత్తనాలు చల్లి పెంచింది ఆయనే మామ్మగారూ, మీరంతా కోసుకొచ్చిందే ఆయన పంట!”