పిండిమర దొంగ

పిండిమర యజమాని తన మసాలాపొడి కాజేస్తున్నాడని టీచరమ్మకు రూఢి అయిపోయింది.

ఉదయం బడికి వెళుతుంటే, మర వెనకాల వాళ్ళ వంటింటి కిటికీలోంచి ఘుమఘుమలు ముక్కుకు తగిలాయి. అచ్చం తన ఇంటి కూర వాసన! చుట్టాలంతా లొట్టలేసుకుని తిని, వెళ్ళేటప్పుడు పొట్లాలు కట్టించుకుపోయే మసాలా అది. దాంతోనే ఆవిడకు బంధువుల్లో అంత పేరు.

"గుప్పెడు పొడికి గొడవెందుకే? పోనిద్దూ" అన్నాడు భర్త. పన్నెండేళ్ళుగా దినుసులు మోసుకెళ్ళి, పట్టించి తెచ్చేది ఆయనే.

"మీ మెతకతనం చూసే వాడికి అలుసైంది. ఈసారి నేనే వెళ్తా."

ఆదివారం ధనియాలు, జీలకర్ర, లవంగాలు, దాల్చినచెక్క ఎప్పటిలాగే తనే వేయించింది. గ్రాములతో సహా తూచింది. "ఎండలో నువ్వెందుకు?" అంటూ భర్త సంచీ పట్టుకు లాగాడు. ఆవిడ వదల్లేదు.

టీచరమ్మను చూడగానే మర యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కడ పెట్టి వెళ్ళండమ్మా. సాయంత్రం సారు వచ్చి తీసుకెళ్తారుగా."

"అక్కర్లేదు. నా కళ్ళ ముందే పట్టు."

స్టూలు లాక్కుని కూర్చుంది. ఘాటుకి ఇరవై తుమ్ములు తుమ్మింది. తుమ్మేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచింది. ఇంటికొచ్చి తూస్తే ఎక్కడా తేడా లేదు.

"భయం అంటే అలా ఉండాలి!" అని భర్తకు వినిపించేలా అని, ఆ పొడే దట్టించి కూర వండింది.

భోజనానికి వచ్చిన ఆడపడుచు మొదటి ముద్దకే నీళ్ళ గ్లాసు అందుకుంది.

"ఏం వేశావు వదినా ఇందులో? రంపపు పొట్టా?"

టీచరమ్మ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మాడు కంపు. కటిక చేదు. ఆవిడకు కోపం నషాళానికి అంటింది.

"చూశారా! నేను ఎదురుగా కూర్చున్నా మార్చేశాడు! ఇవాళ వాణ్ణి పోలీసులకు పట్టించకపోతే చూడండి!"

ఫోను అందుకోబోతున్న ఆవిడ చెయ్యి భర్త గబుక్కున పట్టుకున్నాడు.

"వద్దే... వాడు మార్చనిది ఈ ఒక్కసారే. పన్నెండేళ్ళుగా నేను తెస్తున్నది వాళ్ళావిడ చేసిన మసాలా."