సమాధి మట్టితో ప్లాట్‌ఫారం

ఈస్టరుకు ముందు భార్య సమాధికి సున్నం వేయడానికి పోయిన స్టాన్లీ, వేరేచోట తవ్వే ఓపిక లేక, ఆమె తలాపునున్న ఎర్రమట్టే ఇంత మూటగట్టుకొచ్చాడు. బొమ్మరైళ్ళంటే అతనికి పిచ్చి. ఆ మట్టి జల్లించి, జిగురు పోసి, బల్ల మీది చిన్న బీదర్ స్టేషనుకు ప్లాట్‌ఫారం చేశాడు. బల్ల ఆ కొసన అట్టతో కట్టిన హైదరాబాదు మేడలున్నాయి.

రాత్రి గదిలో దీపమార్పి బండి నడిపాడు. ప్లాట్‌ఫారం దాటగానే ఇంజను మూలిగింది. డబ్బాలెత్తి చూస్తే ఖాళీ. మళ్ళీ పెడితే మళ్ళీ అదే మూలుగు, ఎవరో ఎక్కినట్టు.

పోయిన ఎండాకాలం భార్య రాహేలు అడిగింది. "ఊపిరాడ్తలేదయ్యా. జర హైదరాబాద్ దవాఖానకు తోల్కపో."

"ఈ వంతెన కానియ్యి. ఐతారం పోదాం," అన్నాడు బల్ల మీంచి తల ఎత్తకుండానే. ఆదివారం దాకా ఆమె ఆగలేదు.

బండి నిలిచిపోయింది. చీకట్లో, డబ్బాలోంచి, సన్నగా ఎగశ్వాస.

స్టాన్లీ కరెంటు మీట చివరిదాకా తిప్పాడు.

"జర ఓర్చుకో రాహేలూ," అన్నాడు. "తోల్కపోతున్న."