రెండో సంతకం

కాకినాడలో ఇప్పుడు తలుపులూ కొళాయిలూ రౌటర్ మాటే వింటాయి. ఆ రౌటర్లలో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఊరి కోసం రాసేది హైమవతీ, ఎదురు ఫ్లాట్ ఖాదర్ బాషా గారూ. ఎవరింటి రౌటర్ నుంచి వాళ్లు పంపే ఇద్దరి సంతకాలూ లేనిదే ఏ మార్పూ వెళ్లకూడదని నియమం పెట్టింది హైమవతే.

పొద్దున ఆమె రాసిన మార్పు వెళ్లగానే పాత రౌటర్లన్నీ తలుపులు బిగించేశాయి, కొళాయిలు కట్టేశాయి. ఇంట్లోంచి ఏ సందేశాన్నీ బయటికి పోనివ్వడం లేదు. హైమవతిది కొత్త రౌటర్, ఖాదర్ గారిది పాతది.

తప్పు సరిదిద్ది, కొత్త మార్పును కాగితం మీద అచ్చువేసి ఖాదర్ గారి తలుపు కిందనుంచి తోసింది.

"నువ్వు రాశావు కదాని పొద్దున చదవకుండానే సంతకం పెట్టేశానమ్మా," అన్నారాయన లోపల్నుంచి. "ఇది మూడుసార్లు చదివాను. బాగుంది, ఫోన్‌లో నా సంతకం నొక్కేశాను, పంపించెయ్!"

తలుపు తట్టి ఆయనే అడిగారు. "వెళ్లిందా అమ్మా? మనవరాలు నీళ్లడుగుతోంది."

హైమవతి ఫోన్‌లో మాత్రం, ఖాదర్ బాషా సంతకం ఇంకా రాలేదనే ఉంది.