తెలియదన్న మాట

"మళ్లీ దారం తెగిందా? ముందు నిన్నే పనిలోంచి తీసేయమంటా ఉండు!" సూపర్‌వైజర్ మెహ్జబీన్ సుబ్బరత్నం మీద అరిచింది. ఆర్డర్లు పడిపోయి, నరసరావుపేట నూలు మిల్లులో ఒక షిఫ్టు ఆగిపోయినప్పటి నుంచీ ఆమెది ఇదే పాట.

ఒకప్పుడు ఆమెతో కలిసి పనిచేసిన సుబ్బరత్నం మిషను ఆపేసింది. "తీసెయ్యి. రోజూ ఈ బెదిరింపులేంది? ఎవర్ని తీస్తారో చెప్పి చావు!"

పనివాళ్లంతా మూగారు.

"నాకు తెలిస్తేగా!" అంది మెహ్జబీన్. "ఓనరు నాకూ ఏం చెప్పడంలా. నన్నే పొమ్మంటాడేమోనని నిద్ర పట్టడంలా."

ఆమె వంగి, తెగిన దారం కొసలు పట్టుకుని ముడేసింది.

"తెలిసిన రోజు మీకే ముందు చెబుతా," అంది మెల్లగా.

"ఆ ముక్క మొదటే చెబితే నీ సొమ్మేం పోయేది?" కసిరింది సుబ్బరత్నం. పక్కనున్న స్టూలును ఆమె వైపు కాలితో నెట్టింది. "కూర్చో. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు."